డెస్క్‌టాప్ కట్టించుకుంటున్నారా? ఏ పార్టు ఎలా ఎంచుకోవాలి – మధిర కుటుంబాల కోసం పూర్తి వివరాలు

డిగ్రీ చదివే పిల్లలున్న ఇల్లయినా, శుభలేఖలు, రుఖాలు డిజైన్ చేసే చిన్న డీటీపీ షాపయినా, ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపే సెంటరయినా ఇప్పుడు కంప్యూటర్ లేకుండా పని జరగదు. ఒకే చోట కూర్చుని పని చేసుకునే వాళ్లకి ల్యాప్‌టాప్ కన్నా డెస్క్‌టాప్ మేలు. అదే డబ్బుకి ఎక్కువ పని చేస్తుంది, ఒక పార్టు పోతే ఆ ఒక్కటే మార్చుకోవచ్చు, రెండేళ్ల తర్వాత పెంచుకోవచ్చు.

కానీ చాలామంది షాపుకి వెళ్లి "ఒక ఐ5 కంప్యూటర్ కావాలి" అని అడిగి, చెప్పిన రేటుకి తెచ్చేసుకుంటారు. లోపల ఏముందో చూడరు. నెలల తరబడి కూడబెట్టిన డబ్బు ఒక్కరోజులో ఖర్చయ్యే కొనుగోలు ఇది. కాబట్టి ఏ పార్టు ఏం చేస్తుంది, ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నది ముందే తెలుసుకుని వెళ్దాం.

ముందు పని రాసుకోండి

కాగితం తీసుకుని ఈ మూడింటిలో మీ పని ఏదో రాసుకోండి.

మొదటిది: చదువు, బ్రౌజింగ్, వర్డ్, ఎక్సెల్, ట్యాలీ, ఆన్‌లైన్ క్లాసులు. రెండోది: ఫోటోషాప్, కోరెల్‌డ్రా, ఇన్‌పేజ్‌తో డీటీపీ పని, ఫోటోల ఎడిటింగ్. మూడోది: పెళ్లి వీడియోల ఎడిటింగ్, త్రీడీ డిజైన్, పెద్ద గేములు.

మొదటి రెండు రకాలకి విడిగా గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. మూడో రకానికి మాత్రం దాదాపు తప్పనిసరి. ఈ ఒక్క నిర్ణయంతోనే బడ్జెట్‌లో పెద్ద తేడా వస్తుంది.

ప్రాసెసర్: పేరు కాదు, నంబరు చూడాలి

"ఐ5" అన్నది కుటుంబం పేరు మాత్రమే. 2012లో వచ్చిన మూడో తరం ఐ5 కూడా ఐ5నే, కొత్తగా వచ్చిన పద్నాలుగో తరం ఐ5 కూడా ఐ5నే. ఆన్‌లైన్‌లో "ఐ5, 8 జీబీ ర్యామ్, కొత్త కంప్యూటర్" అని చవగ్గా కనిపించే వాటిలో చాలావరకు పాత ప్రాసెసర్లే ఉంటాయి. అందుకే పూర్తి నంబరు అడగండి. ఐ5-3470 అంటే మూడో తరం, ఐ3-12100 అంటే పన్నెండో తరం. తేడా చూడండి: ఈ రెండిట్లో పన్నెండో తరం ఐ3నే బాగా వేగంగా పని చేస్తుంది.

సాధారణ ఇంటి పనికి ఇంటెల్‌లో ఐ3-12100 లేదా ఐ3-14100, ఏఎండీలో రైజెన్ 5 5600జీ సరిపోతాయి. ఆ ఐ3లలో 4 కోర్లు, 8 థ్రెడ్లు ఉంటాయి. 5600జీలో 6 కోర్లు, 12 థ్రెడ్లు ఉంటాయి. డీటీపీతో పాటు అప్పుడప్పుడు చిన్న వీడియోలు కూడా చేస్తే 5600జీ కాస్త ఎక్కువ ఊపిరినిస్తుంది.

నంబరు చివర ఉన్న అక్షరం కూడా చూడాలి. ఇంటెల్‌లో చివర "ఎఫ్" ఉంటే (ఐ3-12100ఎఫ్ లాంటివి) లోపల గ్రాఫిక్స్ ఉండదు. ఏఎండీ 5000 సిరీస్‌లో "జీ" ఉన్న వాటికే గ్రాఫిక్స్ ఉంటుంది. రైజెన్ 5 5600కి, 5500కి ఉండదు. కొంత తక్కువ రేటుకి వస్తుందని ఎఫ్ మోడల్ తీసుకుంటే మానిటర్‌లో బొమ్మ రాదు, మళ్లీ గ్రాఫిక్స్ కార్డుకి వేలు పెట్టాల్సి వస్తుంది.

బాక్స్‌లో సీలుతో వచ్చే ప్రాసెసర్‌కి ఇంటెల్, ఏఎండీ రెండూ 3 ఏళ్ల వారంటీ ఇస్తాయి. "ట్రే" పీస్ అంటే బాక్స్ లేకుండా విడిగా వచ్చేది. దానికి వారంటీ షాపు వాళ్ల మీదే ఆధారపడుతుంది, ఫ్యాను కూడా రాదు. రేటులో తేడా తక్కువే అయితే బాక్స్ పీసే తీసుకోండి.

మదర్‌బోర్డ్: ప్రాసెసర్‌కి సరిపోయేది

ప్రతి ప్రాసెసర్‌కి దాని సాకెట్ ఉంటుంది. ఇంటెల్ 12, 13, 14 తరాలకి ఎల్‌జీఏ1700. రైజెన్ 5600జీకి ఏఎం4. రైజెన్ 7000, 8000, 9000 సిరీస్‌లకి ఏఎం5. ఒకదాని ప్రాసెసర్ ఇంకోదాంట్లో పట్టదు.

ఎల్‌జీఏ1700లో చవకైనది హెచ్610 బోర్డు. దీనికి ర్యామ్ స్లాట్లు రెండే. ఇల్లు, ఆఫీసు పనికి చాలు. బీ660, బీ760లో పోర్టులు, సదుపాయాలు ఎక్కువ. ఏఎం4లో ఏ520, బీ550 దొరుకుతాయి. ఏఎం4 పాత సాకెట్, 2016లో మొదలైంది. చవగ్గా కట్టొచ్చు కానీ ముందుముందు పెంచుకునే దారి తక్కువ. ఏఎం5 2022లో వచ్చింది. దీన్ని 2027 వరకు, ఆపైన కూడా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. నాలుగైదేళ్ల తర్వాత ప్రాసెసర్ మాత్రమే మార్చుకోవాలనుకునే వాళ్లు, చేతిలో కాస్త ఎక్కువ డబ్బుంటే ఏఎం5 వైపు చూడొచ్చు.

షాపులో అడగాల్సిన మాట ఒకటుంది: "ఈ బోర్డు బయోస్ ఈ ప్రాసెసర్‌ని గుర్తుపడుతుందా?" పాత స్టాకు బోర్డులో కొత్త తరం ప్రాసెసర్ పెడితే బయోస్ అప్‌డేట్ చేసేదాకా సిస్టమ్ ఆన్ కాదు. పార్టులు విడివిడిగా ఆన్‌లైన్‌లో తెప్పించుకునే వాళ్లకి ఈ చిక్కు ఎక్కువ.

ర్యామ్: రెండు చిన్నవి మేలు

డీడీఆర్4, డీడీఆర్5 రెండూ వేరు. వాటి గాడి ఉండే చోటే వేరు కాబట్టి ఒకదాని స్లాట్‌లో ఇంకోటి ఎక్కదు. హెచ్610 బోర్డులు రెండు రకాల్లోనూ వస్తాయి, అందుకే బోర్డు పేరు పూర్తిగా చదివి ర్యామ్ కొనండి.

విండోస్ 11కి కనీసం 4 జీబీ అని మైక్రోసాఫ్ట్ చెప్పినా, క్రోమ్‌లో పది ట్యాబ్‌లు తెరిస్తే 8 జీబీ కూడా ఇరుకే. వీలైతే 16 జీబీ పెట్టుకోండి. విడి గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌లో బొమ్మకి కావాల్సిన మెమరీ కూడా ఇదే ర్యామ్‌లోంచి పోతుంది. అలాంటి చోట ఒకే 16 జీబీ ముక్క కన్నా 8 జీబీ ముక్కలు రెండు పెడితే, రెండు దారుల్లో డేటా వెళ్లి గ్రాఫిక్స్ వేగం స్పష్టంగా పెరుగుతుంది.

2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను పెద్ద ఎత్తున కొనడం దీనికి ప్రధాన కారణం. మైక్రాన్ కంపెనీ అయితే తన క్రూషియల్ బ్రాండ్ రిటైల్ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. కాబట్టి పాత యూట్యూబ్ వీడియోలో చెప్పిన ర్యామ్ రేటు పట్టుకుని షాపులో వాదించకండి. ఆ రోజు రేటు రెండు మూడు చోట్ల అడిగి వెళ్లండి. డబ్బు చాలకపోతే ఇప్పటికి ఒక 8 జీబీ ముక్క పెట్టుకుని, రెండో స్లాటు ఖాళీగా ఉంచుకుంటే తర్వాత కలుపుకోవచ్చు.

ఎస్‌ఎస్‌డీ: దీన్ని వదలొద్దు

పాత కంప్యూటర్ "స్లో" అనడానికి చాలాసార్లు కారణం హార్డ్‌డిస్కే. సాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకి సుమారు 550 ఎంబీ చదువుతుంది. ఎన్‌వీఎంఈ జెన్3 అయితే 3,500 ఎంబీ దాకా, జెన్4 అయితే 7,000 దాకా వెళ్తుంది. మామూలు హార్డ్‌డిస్క్ 100 నుంచి 200 మధ్యే తిరుగుతుంది.

అలాగని అందరికీ జెన్4 అక్కర్లేదు. రైజెన్ 5600జీ జెన్3 వరకే ఇస్తుంది, హెచ్610 బోర్డుల్లోనూ ఎం.2 స్లాటు ఎక్కువగా జెన్3నే. అక్కడ జెన్4 పెట్టినా జెన్3 వేగంతోనే నడుస్తుంది. 500 జీబీ జెన్3 ఎస్‌ఎస్‌డీ ఇంటికి సరిపోతుంది. ఫోటో, వీడియో పని చేసే వాళ్లు ఫైళ్లు దాచుకోడానికి విడిగా 1 టీబీ హార్డ్‌డిస్క్ కలుపుకోవచ్చు.

ఎస్‌ఎంపీఎస్: అందరూ ఆదా చేసేది, ఆదా చేయకూడనిది

కరెంటుని కంప్యూటర్‌కి తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బానే ఎస్‌ఎంపీఎస్. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే వాటి మీద "450 వాట్స్" అని స్టిక్కర్ ఉన్నా, చాలావాటికి నిజంగా అంత శక్తి ఉండదు. లోపల రక్షణ సర్క్యూట్లు కూడా అంతంత మాత్రం. వోల్టేజ్ ఎగిరినప్పుడు అది ఒక్కటే పోదు, మదర్‌బోర్డునీ ఎస్‌ఎస్‌డీనీ కూడా తీసుకుపోవచ్చు.

పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ సర్టిఫికెట్ ఉన్న 450 వాట్ల సప్లై, గ్రాఫిక్స్ కార్డు లేని సిస్టమ్‌కి చాలా ఎక్కువే. ముందుముందు కార్డు పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే 550 వాట్లది తీసుకోండి. ఉదాహరణకి ఆర్‌టీఎక్స్ 4060 కార్డుకి ఎన్విడియా సూచించేది 550 వాట్లే. మంచి ఎస్‌ఎంపీఎస్ రెండు కంప్యూటర్ల కాలం బతుకుతుంది.

ఎండ, దుమ్ము, ఎర్తింగ్

ఖమ్మం, కొత్తగూడెం వైపు మే నెల ఎండ మనకి తెలిసిందే. ఫ్యాను గదిలో గాలినే ప్రాసెసర్ మీదికి తోస్తుంది, గది 42 డిగ్రీలుంటే అంతకన్నా చల్లబరచలేదు. 5600జీ 95 డిగ్రీలకి చేరితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అందుకని ముందు భాగం జాలీగా ఉన్న క్యాబినెట్, ముందు ఒక ఫ్యాను, వెనక ఒక ఫ్యాను ఉండేలా చూడండి. అద్దం, రంగు లైట్ల కోసం గాలి దారి మూసేసిన క్యాబినెట్ మన దగ్గర పనికిరాదు. పత్తి, మిర్చి సీజన్‌లో దుమ్ము ఎక్కువ కాబట్టి మూడు నాలుగు నెలలకోసారి బ్లోయర్‌తో ఊదించండి. క్యాబినెట్‌ని నేల మీద కాకుండా చిన్న స్టూలు మీద పెట్టండి.

క్యాబినెట్ ముట్టుకుంటే చిమచిమలాడుతోందా? అది ఎక్కువసార్లు కంప్యూటర్ లోపం కాదు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి వచ్చే కొద్దిపాటి కరెంటు ఎర్త్ వైరులోంచి భూమిలోకి పోవాలి. ఎర్తింగ్ లేకపోతే, లేదా మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నులకి మార్చి పెడితే, అది క్యాబినెట్ మీదే నిలిచిపోతుంది. పార్టులు కొనడానికి ముందే ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చెక్ చేయించండి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం.

యూపీఎస్ కూడా లెక్కలో వేసుకోండి. 600 వీఏ యూపీఎస్ అంటే సాధారణంగా 360 వాట్లే. గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్, మానిటర్ కలిపి 100 వాట్ల చుట్టుపక్కలే తీసుకుంటాయి కాబట్టి ఫైలు సేవ్ చేసి షట్‌డౌన్ చేసేంత టైము దొరుకుతుంది. లేజర్ ప్రింటర్‌ని మాత్రం యూపీఎస్‌కి తగిలించొద్దు, అది వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది.

మానిటర్, కీబోర్డు, తెలుగు-ఉర్దూ టైపింగ్

22 అంగుళాల ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ మానిటర్ అయితే పక్క నుంచి చూసినా రంగులు మారవు. డీటీపీకి అదే మంచిది. హెచ్‌డీఎంఐ పోర్టు ఉందో లేదో చూడండి. ఇంట్లో ఫుల్ హెచ్‌డీ టీవీ ఉంటే మొదటి కొన్ని నెలలు దాంతోనే నడిపించుకోవచ్చు.

భాషల కోసం ప్రత్యేక కీబోర్డు కొనక్కర్లేదు. విండోస్ సెట్టింగ్స్‌లో తెలుగు, ఉర్దూ రెండూ కలుపుకోవచ్చు. తెలుగుకి ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంది, ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వస్తుంది. ఉర్దూ నస్తాలీఖ్‌లో రావాలంటే నోటో నస్తాలీఖ్ ఉర్దూ ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది. నెట్‌లో, వాట్సాప్‌లో పంపాల్సిన మ్యాటర్ యూనికోడ్‌లోనే టైపు చేస్తే ఎదుటివాళ్లకి గజిబిజిగా కనిపించదు.

సెకండ్ హ్యాండ్ కొంటే

కంపెనీ ఆఫీసుల నుంచి వచ్చిన పాత డెస్క్‌టాప్‌లు చవగ్గా దొరుకుతాయి. అన్నీ చెడ్డవి కావు. కానీ విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా నడవాలంటే సాధారణంగా ఇంటెల్ 8వ తరం లేదా రైజెన్ 2000 సిరీస్ నుంచి ఉండాలి, టీపీఎం 2.0 కూడా ఉండాలి. కాబట్టి బ్యాంకు పనులు, ఆధార్ అప్లికేషన్లు చేసే సెంటరుకి నాలుగో తరం ఐ5 తీసుకోవడం తెలివైన పని కాదు. దొంగ విండోస్‌తో బ్యాంకు పాస్‌వర్డ్‌లు కొట్టడం అంతకన్నా ప్రమాదం. లైసెన్సుకి డబ్బు లేకపోతే ఉబుంటు, లిబ్రేఆఫీస్ ఉచితం. చదువుకి, బ్రౌజింగ్‌కి చాలు.

ఇంకో సంగతి: బ్రాండెడ్ పాత డెస్క్‌టాప్‌లలో ఎస్‌ఎంపీఎస్, బోర్డు ఆ కంపెనీ కొలతల్లోనే ఉంటాయి. పోతే మామూలు పార్టు పట్టకపోవచ్చు.

ఎక్కడ కొనాలి, బిల్లు ఎలా ఉండాలి

మధిర కాజీపేట–విజయవాడ రైలు మార్గంలో ఉంది కాబట్టి ఇటు ఖమ్మం, అటు విజయవాడ రెండూ అందుబాటులోనే. రకాలు ఎక్కువ కావాలంటే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, అందరూ సీటీసీ అంటారు. అయితే రేటులో తేడా కొద్దిగానే ఉంటే దగ్గర్లోని షాపే మంచిది. పార్టు పోతే వారంటీకి తిరిగే ఖర్చు కూడా రేటులో భాగమే.

కంప్యూటర్ పార్టుల మీద జీఎస్టీ 18 శాతం. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అంటే ఒప్పుకోవద్దు. ప్రతి పార్టు పేరు, మోడల్, సీరియల్ నంబరు ఉన్న బిల్లే రేపు మీ వారంటీకి ఆధారం. "అసెంబుల్డ్ కంప్యూటర్ – 1" అని ఒకే లైనులో రాసిన బిల్లు దాదాపు పనికిరాదు.

షాపు పేరున రెగ్యులర్ జీఎస్టీ ఉన్నవాళ్లు ఆ 18 శాతాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. కాంపోజిషన్ స్కీములో ఉన్నవాళ్లకి ఇది రాదు. సరిహద్దు ఊరు కాబట్టి ఒక జాగ్రత్త: విజయవాడలో కొంటే మన తెలంగాణ జీఎస్టీ నంబరు, మధిర అడ్రసు ముందే చెప్పి ఐజీఎస్టీ బిల్లు వేయించుకోండి. ఆంధ్రప్రదేశ్ సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీతో బిల్లు వేస్తే ఇక్కడ క్రెడిట్ దొరకదు. వ్యాపారం లెక్కలు పూర్తిగా రాసే వాళ్లకి ఆదాయపు పన్నులో కంప్యూటర్ మీద ఏడాదికి 40 శాతం తరుగుదల కూడా ఉంది. ఆ ఏడాది 180 రోజుల కన్నా తక్కువ వాడితే అందులో సగమే.

"నో కాస్ట్ ఈఎంఐ"లో వడ్డీ ఉందా?

వడ్డీ జోలికి పోకూడదనుకునే ఇళ్లలో ఈ ప్రశ్న తరచూ వస్తుంది. క్రెడిట్ కార్డు నో కాస్ట్ ఈఎంఐలో బ్యాంకు తన లెక్కల్లో వడ్డీ వేస్తుంది. అంత మొత్తాన్ని అమ్మేవాళ్లు ముందే డిస్కౌంటుగా తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం మన జేబులోంచే పోతుంది, ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అదీ అంతే. సున్నా వడ్డీ అని చెప్పి అసలు వడ్డీని దాచే పథకాలను రిజర్వ్ బ్యాంక్ 2013లోనే తప్పుపట్టింది. ఇది తెలుసుకుని, కావాలంటే ఆలిమ్‌ని అడిగి నిర్ణయించుకోండి.

అప్పు లేకుండా కొనాలంటే డెస్క్‌టాప్‌లో ఒక మంచి దారి ఉంది. నెలకో పార్టు కొని బీరువాలో దాచొద్దు. అలా చేస్తే వాడకముందే వారంటీ కరిగిపోతుంది, పార్టు మొదటి నుంచే చెడిపోయి ఉన్నా మార్చుకునే గడువు దాటిపోతుంది. దాని బదులు డబ్బు కూడబెట్టి, గ్రాఫిక్స్ ఉన్న ప్రాసెసర్, బోర్డు, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, మంచి ఎస్‌ఎంపీఎస్ ఒకేసారి కొని నడిపించుకోండి. రెండో ర్యామ్, మానిటర్, గ్రాఫిక్స్ కార్డు వీలైనప్పుడు ఒక్కోటి కలుపుకోండి.

డబ్బు కట్టే ముందు

షాపులో సిస్టమ్ ఆన్ చేయించి మీ ముందే చూపించమనండి. సెట్టింగ్స్‌లో ప్రాసెసర్ నంబరు, ర్యామ్ ఎంతో చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎస్‌ఎస్‌డీ ఎన్ని గంటలు వాడారో తెలుస్తుంది. కొత్తదైతే అది చాలా తక్కువ ఉండాలి. ఖాళీ బాక్సులన్నీ ఇంటికి తెచ్చుకోండి, వారంటీకి కావాలి. బిల్లుని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, కొన్ని బిల్లుల మీద ఇంకు ఏడాదిలో చెరిగిపోతుంది.

వారంటీ ఉన్నా షాపు వాళ్లు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. అక్కడా తేలకపోతే ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. 2019 చట్టం ప్రకారం మీరు ఎక్కడ కొన్నా, మీరుండే జిల్లాలోనే ఫిర్యాదు వేసే హక్కుంది. విజయవాడ, హైదరాబాద్ తిరగక్కర్లేదు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. గడువు, సమస్య మొదలైనప్పటి నుంచి 2 ఏళ్లు.

షాపుకి వెళ్లేటప్పుడు ఈ ఐదు ప్రశ్నలు రాసుకుని వెళ్లండి: ప్రాసెసర్ పూర్తి నంబరు ఏంటి? లోపల గ్రాఫిక్స్ ఉందా? ర్యామ్ రెండో స్లాటు ఖాళీగా ఉందా? ఎస్‌ఎంపీఎస్ ఏ కంపెనీ, 80 ప్లస్ ఉందా? బిల్లులో ప్రతి పార్టు సీరియల్ నంబరు రాస్తారా? ఐదింటికీ సూటిగా జవాబిచ్చిన షాపులో కొనండి.